ముందు కట్టు నిలవాలి, మందు సంగతి తర్వాత

ఎలక్ట్రోస్పిన్నింగుతో, అంటే హైవోల్టేజితో పాలిమరు ద్రావణాన్ని అతి సన్నని పోగులుగా లాగే పద్ధతితో, పుండ్లకు నానోఫైబరు డ్రెస్సింగు చేద్దామని కూర్చున్న విద్యార్థి నోట మొదట వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇందులో ఏ మందు వేద్దాం? సిప్రోఫ్లాక్సాసినా, జెంటామైసినా, పసుపులోని కర్క్యుమినా, వెండి నానోకణాలా? నా వాదన సూటిగా చెప్పేస్తాను. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పుండ్లకు పనికొచ్చే కట్టు కావాలంటే ఆ ప్రశ్న ఆఖర్న రావాలి. మందు లేని ఒట్టి పొర పుండు మీద మూడు నాలుగు రోజులు కరిగిపోకుండా, కండకు అతుక్కోకుండా, రసికి అడ్డుపడకుండా నిలుస్తుందని తేలాకే మందు మాట ఎత్తాలి. ఇప్పుడు చాలాచోట్ల మందు ముందు చేరి కట్టును చెడగొడుతోంది.

మూడు నాలుగు రోజులని ఎందుకంటున్నానంటే ఇక్కడి దూరాలు అలాంటివి. గజపతి జిల్లా మోహనా, నువాగడ బ్లాకుల కొండ ఊళ్ల నుంచి, ఇటు ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా మానని పుండ్లతో జనం బరంపురం మెడికల్ కాలేజీకి వస్తారు. పర్లాకిమిడి వాళ్లు శ్రీకాకుళం, రాయగడ వాళ్లు రైలెక్కి పార్వతీపురం, విజయనగరం, విశాఖ కేజీహెచ్ దాకా పోతారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు రోజూ కట్టు మారుతుంది. ఇంటికి పంపేశాక రోజూ మార్పించుకోవడమంటే రోగి కూలి, తోడు వచ్చే మనిషి కూలి, ఆటో ఛార్జీ. వారంలో రెండుసార్లు రావడమే గొప్ప. రోజూ మారుస్తారనుకుని తయారుచేసిన కట్టు ఈ ఊళ్లలో తనంతట తానే మూడు రోజుల కట్టు అయిపోతుంది. అప్పుడు దాని లోపాలన్నీ బయటపడతాయి.

మామూలు గాజుగుడ్డనే చూడండి. రసి దాని కన్నుల్లోకి ఎక్కి ఎండుతుంది. అడుగున కొత్తగా పుట్టే ఎర్రకండ ఆ దారాల సందుల్లోకి పెరుగుతుంది. మూడో రోజు పొడిగా లాగితే గుడ్డతో పాటే ఆ లేత పొర ఊడి వస్తుంది. తీసిన గుడ్డ తిప్పి చూస్తే నెత్తుటి చుక్కలు సరిగ్గా నేత గళ్ల వరసలోనే ఉంటాయి. సెలైన్ పోసి పది నిమిషాలు నానబెట్టి తీయాలని అందరికీ తెలుసు. బయట బెంచీ మీద ఇంకో పాతికమంది కూర్చుని ఉన్నప్పుడు ఆ పది నిమిషాలు దొరకవు.

పుండుకు గాలి తగలాలి, పక్కు కట్టాలి అనే నమ్మకం మనలో ఇంకా బలంగా ఉంది. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన పని ‘నేచర్’ పత్రికలో వచ్చింది. పల్చని పాలిథిన్ పొర కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయాల మీద, గాలికి వదిలేసి పక్కు కట్టిన గాయాల కంటే దాదాపు రెట్టింపు వేగంగా పైచర్మం పాకింది. అలాగని తడి మరీ ఎక్కువైనా ముప్పే. అంచుల చర్మం తెల్లగా నాని చివికిపోతుంది, పుండు వెడల్పవుతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం నుంచి రోజుకు చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల నీరు ఆవిరవుతుంది. తెరుచుకున్న ఎర్రకండ మీంచి అది 5,000 గ్రాములు దాటుతుంది. కట్టు ఈ రెంటికీ మధ్యలో, 2,000 నుంచి 2,500 గ్రాముల దాకా ఆవిరిని వదిలితే మేలని ఈ రంగంలో చాలాకాలంగా వాడుతున్న లెక్క. నానోపోగుల పొర మీద నాకు ఆశ ఉన్నది ఇక్కడే. ఆవిరిని పోనిస్తుంది. పోగులు మరీ సన్నం, సందులు మరీ చిన్నవి కాబట్టి ఎర్రకండ గాజుగుడ్డలోకి చొరబడ్డట్టు దీనిలోకి చొరబడలేదు. ఈ గుణానికి మందుతో పనే లేదు.

తయారీ సూత్రం పాతది. పాలిమరు ద్రావణం నింపిన సిరంజి సూదికి 10 నుంచి 25 కిలోవోల్టులు ఇస్తే, కొసన ఉన్న బొట్టు శంకువులా సాగి దాని మొన నుంచి సన్నని ధార లేస్తుంది. ఆ శంకువు గణితాన్ని 1964లో జెఫ్రీ టేలర్ తేల్చాడు గనక దాన్ని టేలర్ కోన్ అంటారు. ధార గాలిలో గిరగిరా మెలికలు తిరుగుతూ సాగుతుంది, ద్రావకం ఆవిరైపోతుంది, ఎదుటి రేకు మీద 100 నుంచి 500 నానోమీటర్ల పోగులు పడతాయి. ఆంటన్ ఫార్మ్‌హాల్స్ 1934లోనే దీనికి అమెరికా పేటెంటు తీసుకున్నాడు. 1990ల్లో అమెరికాలోని ఆక్రన్‌లో డారెల్ రెనేకర్ బృందం మళ్లీ చేపట్టాకే ప్రపంచమంతా పాకింది.

మొదటిసారి చేసేవాళ్లు పీవీఏతో (పాలీవినైల్ ఆల్కహాల్, నీటిలో కరిగే పాలిమరు) మొదలుపెట్టడం మంచిది. ద్రావకం నీళ్లే, క్లోరోఫామ్ బెడద ఉండదు. అణుభారం లక్ష చుట్టుపక్కల, 88 శాతం హైడ్రోలైజ్ అయిన రకం తీసుకోండి. 90 గ్రాముల చన్నీళ్లలో 10 గ్రాముల పొడిని కలియబెడుతూ కొంచెం కొంచెంగా చల్లాలి. వేడినీళ్లలో వేస్తే పైపైన ఉడికి లోపల పొడి మిగిలిన ఉండలు కడతాయి, అవి ఇక కరగవు. అరగంట నాననిచ్చి, మూతపెట్టి, 80 నుంచి 85 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు తిప్పాలి. వేడి చేయకముందు ఫ్లాస్కు తూచి పెట్టుకుని, చల్లారాక మళ్లీ తూచి, తగ్గినంత నీరు కలపాలి. ఇది చేయకపోతే మీ 10 శాతం ద్రావణం ఒకరోజు 11, ఒకరోజు 12 అవుతుంది. పోగు మందం ఎందుకు మారుతోందో నెలల తరబడి అంతు చిక్కదు. రాత్రంతా కదపకుండా ఉంచితే బుడగలు పోతాయి. సిరంజిలో ఒక్క బుడగ మిగిలినా అది సూది దాకా వచ్చినప్పుడు ధార తెగి, పొర మీద తడి బొట్టు పడుతుంది.

5 మి.లీ. సిరంజి, మొన లేని 22 గేజి సూది, గంటకు 0.5 మి.లీ., సూదికీ రేకుకీ మధ్య 15 సెం.మీ., 15 నుంచి 18 కిలోవోల్టులు. ఇక్కడి నుంచి మొదలుపెట్టి సవరించుకోవాలి. సూది కొస నుంచి బొట్లు కారుతుంటే పంపు జోరు ఎక్కువైనట్టు, లేదా వోల్టేజి చాలనట్టు. శంకువు సూదిలోకి వెనక్కి పోయి ధార అటూఇటూ ఊగుతుంటే వోల్టేజి మితిమీరినట్టు. పోగుల మధ్య పూసలు పడుతున్నాయంటే ద్రావణం పల్చన. ధారలో పాలిమరు గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడేంత లేకపోతే తలతన్యత దాన్ని బొట్లుగా విరగ్గొడుతుంది. అప్పుడు వోల్టేజి పెంచి లాభం లేదు, గాఢత 8 నుంచి 10కి, 10 నుంచి 11కి పెంచాలి. దీనికి ప్రతిసారీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అక్కర్లేదు. అది అన్ని కాలేజీల్లో ఉండదు కూడా. రేకు ముందు ఒక గాజు స్లైడును పది, ఇరవై సెకన్లు అంటించి తీసి, మామూలు మైక్రోస్కోపులో 40 రెట్ల లెన్సు కింద చూడండి. పోగు మందం తెలియదు గానీ పూసలు, అతుక్కుపోయిన తడి పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. స్లైడు బాగుంటేనే పొర పూర్తిగా తీయాలి. స్లైడు పెట్టేముందు, తీసేముందు కరెంటు ఆపి, సూదిని ఎర్తుకి తాకించడం మర్చిపోకూడదు. సరఫరా ఆపినా ఛార్జి కొంతసేపు ఉంటుంది.

పుస్తకాల్లోని కొలతలు ఈ తీరంలో ఎందుకు కుదరవో చెప్పాలి. గోపాలపూర్ నుంచి బరంపురం దాకా జూన్ మొదలు అక్టోబరు వరకు గాలిలో తేమ 80 శాతం మామూలే. నీటి ద్రావణం ఆ గాలిలో 15 సెం.మీ. ప్రయాణంలో ఆరదు. పోగులు తడిగా పడి కలిసిపోతాయి, పొర కాస్తా జిగురు ఫిల్ము అవుతుంది. అటు నీటిలో కరగని పాలిమరు పీసీఎల్‌ను (పాలీకాప్రోలాక్టోన్) క్లోరోఫామ్‌లో కరిగించి చేస్తే వేరే ఇబ్బంది. ద్రావకం చప్పున ఆవిరై పోగు చల్లబడుతుంది, దాని మీద నీటి ఆవిరి సన్నని బొట్లుగా పడుతుంది, ఆ బొట్లు ఆరాక పోగు నిండా గుంటలు మిగులుతాయి. గుంటలు పడితే ఉపరితలం పెరుగుతుంది, మందు ఇంకా తొందరగా బయటికి పోతుంది. డిసెంబరులో తేమ తగ్గితే ధార సూది కొసనే గట్టిపడి సూది మూసుకుపోతుంది. జనవరిలో ఒక పోగు, ఆగస్టులో ఇంకో పోగు. గదికి ఏసీ ఉంటే చాలదు, యంత్రాన్ని యాక్రిలిక్ పెట్టెలో మూసి, లోపల డీహ్యూమిడిఫయరో, ట్రేల నిండా సిలికా జెల్లో పెట్టి, తేమ 40 నుంచి 50 శాతంలో నిలపాలి. తేమ కొలిచే మీటరు పెట్టె లోపలే ఉండాలి. గది గోడకు వేలాడే మీటరు చెప్పే అంకె ఇక్కడ పనికిరాదు.

కరెంటు పోవడం ఇంకొకటి. ఈదురుగాలుల రోజున సరఫరా పోయి వస్తే పంపు మళ్లీ నడుస్తుంది, హైవోల్టేజి మళ్లీ నడవకపోవచ్చు. ఈలోగా సూది కొసన బొట్టు ఎండి బిరడాలా బిగుసుకుంటుంది. వోల్టేజి వచ్చినప్పుడు ఆ ముద్ద ఎగిరి నేరుగా పొర మీద పడుతుంది. మళ్లీ మొదలెట్టేముందు పొరకి అడ్డంగా ఒక రేకు పెట్టి, సూదిని తడిగుడ్డతో తుడిచి, ధార నిలకడగా సాగాక అడ్డు తీయాలి. పాత భవనాల్లో ఎర్తింగు పేరుకే ఉంటుంది. 20 కిలోవోల్టుల యంత్రానికి విడిగా ఎర్తు గొయ్యి తీయించకుండా పని మొదలెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇప్పుడు నా వాదనకు మూలమైన లెక్క. గంటకు 0.5 మి.లీ. చొప్పున 10 శాతం ద్రావణం అంటే గంటకు 0.05 గ్రాముల పాలిమరు. అరచేతికి కొంచెం మించిన 10 సెం.మీ. చదరానికి, చదరపు మీటరుకు 20 గ్రాముల బరువున, 0.2 గ్రాములు కావాలి. ఒక్క పోగు పక్కకు పోకుండా అంతా అక్కడే పడినా నాలుగు గంటలు. ఆ 0.2 గ్రాములను గట్టి ఫిల్ముగా నొక్కితే మందం 16, 17 మైక్రాన్లు. నూటికి 80 నుంచి 85 వంతులు ఖాళీ ఉండే పొర కాబట్టి చేతికి 80 నుంచి 110 మైక్రాన్లు వస్తుంది. ఈ పొర తన బరువుకు పది రెట్లు నీరు పీల్చుకుందని చాలా రిపోర్టుల్లో గొప్పగా రాస్తారు. పది రెట్లంటే 2 మి.లీ. బాగా రసి కారే కాలి పుండు చదరపు సెంటీమీటరుకు రోజుకు 0.5 మి.లీ. వదులుతుందనుకుందాం. వంద చదరపు సెంటీమీటర్లకు 50 మి.లీ. మీ పొర గంటలోపే నిండిపోతుంది. కాబట్టి నానోపోగుల పొర రసిని పీల్చే కట్టు కాదు, కాలేదు. అది పుండును ఆనుకుని, రసిని తనగుండా పైనున్న దూది ప్యాడుకు పంపించే పొర మాత్రమే. ఈ సంగతి ఒప్పుకుంటే తర్వాతి పనంతా మారిపోతుంది. ఎంత పీల్చుకుంటుందని కాదు, ఎంత త్వరగా దాటిస్తుందని కొలవాలి. పొరను రేకు మీద కాకుండా, సర్జికల్ మాస్కుల్లో వాడే పల్చని పాలీప్రొపిలీన్ గుడ్డ మీదే తీసుకోవాలి. రేకు నుంచి ఊడదీసేటప్పుడు చిరిగే బాధ తప్పుతుంది, చేతికి పట్టు దొరుకుతుంది.

మందు కూడా ఆ ప్రవాహంలోనే ఉంటుందని గుర్తుంచుకోండి. రసి పుండు నుంచి పైకి వస్తోంది. పొరలోంచి వదిలిన మందులో పెద్ద భాగం దానితో పాటు దూదిలోకి పోతుంది. పొరను బీకరులో 50 మి.లీ. బఫరులో (పీహెచ్ మారకుండా ఉండే ద్రావణం) ముంచి, మందు విడుదల కొలిచి గీసిన గ్రాఫులో ఇదేమీ కనపడదు.

పీవీఏ పొర చేసినంత మాత్రాన కట్టు కాదు. దాన్ని గట్టిపరచకపోతే తడి తగిలిన క్షణాల్లో ముడుచుకుని బంకైపోతుంది. తేలిక మార్గం సిట్రిక్ ఆమ్లం. పీవీఏ బరువులో 5 నుంచి 10 శాతం ద్రావణంలోనే కలిపి, పొర తీశాక 140 డిగ్రీల ఓవెన్లో గంట నుంచి రెండు గంటలు ఉంచితే గొలుసుల మధ్య ముడులు పడతాయి. తర్వాత మిగిలిన ఆమ్లం పోయేదాకా, కడిగిన నీటి పీహెచ్ మామూలు నీటికి వచ్చేదాకా కడగాలి. ఆరేటప్పుడు పొర ముడుచుకుపోతుంది గనక ఎంబ్రాయిడరీ రింగులో బిగించి ఆరబెట్టాలి. ఇక పరీక్ష. ఎండిన పొర తూచి, 37 డిగ్రీల నీటిలో ఒక రోజు ఉంచి, మళ్లీ పూర్తిగా ఆరబెట్టి తూచండి. నూటికి పది కంటే ఎక్కువ తగ్గితే ఆ పొర మూడు రోజులు నిలవదు. గ్లూటరాల్డిహైడ్ ఆవిరి పట్టించే పద్ధతి జెలటిన్ పొరలకు ఇంకా వాడుకలో ఉంది. మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ కణాలను చంపుతుంది. గ్లైసిన్ ద్రావణంతో కడిగి, అటుపైన నీళ్లతో కడిగి, కణాల మీద పరీక్షించకుండా పుండు దగ్గరికి తేవద్దు.

మందు ముందు వేస్తే జరిగేది ఇప్పుడు అర్థమవుతుంది. 140 డిగ్రీల వేడికి చాలా మందులు తట్టుకోవు. తట్టుకున్నవి కడుగుడు నీళ్లలో పోతాయి. మందును కాపాడుకోవాలని వేడి తగ్గిస్తారు, కడగడం మానేస్తారు. చివరికి సగం గట్టిపడ్డ పొర, ఆమ్లం మిగిలిన పొర, పుండు మీద బంకయ్యే పొర మిగులుతుంది. పొర కరిగిపోతే మందు బాగా విడుదలైనట్టు గ్రాఫు అందంగా వస్తుంది. కట్టు చచ్చిపోయిందన్న మాట ఆ గ్రాఫు చెప్పదు.

బరంపురం పట్టు పేరు చెప్పి, మగ్గాల దగ్గర మిగిలే దారంతో నానోఫైబరు చేద్దామనే ఆలోచన కూడా వినిపిస్తుంది. పట్టులోని ఫైబ్రాయిన్ నిజంగానే మంచి పదార్థం. పద్ధతి తెలిసిందే. 5 గ్రాముల పట్టుగూళ్లను ముక్కలు చేసి, 2 లీటర్ల నీటిలో 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్ వేసి అరగంట మరిగిస్తే జిగురుగా ఉండే సెరిసిన్ పోతుంది. ఎండిన ఫైబ్రాయిన్‌ను 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్‌లో 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కరిగించి, ఆ లవణం పోయేలా రెండు రోజులు నీళ్లలో డయాలిసిస్ చేస్తే 7, 8 శాతం ద్రావణం వస్తుంది. ఒంటరిగా అది సరిగ్గా సాగదు, అందుకే పీఈఓ (పాలీఇథిలీన్ ఆక్సైడ్) అనే పాలిమరు కలుపుతారు. పొర తీశాక మిథనాల్ పట్టిస్తే నీటిలో కరగదు. అభ్యంతరం ఎక్కడంటే, మగ్గం దగ్గరి దారం పట్టుగూడు కాదు. దానికి రంగు ఉంది, సబ్బు ఉంది, గంజి ఉంది. ఎంత మరిగించారో ఎవరూ రాసిపెట్టరు. ఎక్కువ మరిగితే ఫైబ్రాయిన్ గొలుసులు తెగిపోయి ద్రావణం పల్చబడి పూసలు వస్తాయి. ఒక్కో మూటకు ఒక్కో అణుభారం. లిథియం బ్రోమైడ్ ఖరీదు, మిథనాల్ మిగలకుండా చూసుకునే బాధ వేరే. ఊరి పేరు మీద ప్రేమ నాకూ ఉంది. రంగు వేయని పట్టుగూళ్లతో చేయండి, అప్పుడు ఆ పేరుకి గౌరవం.

ఈ డ్రెస్సింగుల ప్రచారంలో పక్కపక్కనే కనిపించే రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. సందులు చిన్నవి కాబట్టి బాక్టీరియా లోపలికి పోలేదు అని ఒకటి. పొర మన శరీరంలోని కొల్లాజెన్ అల్లికలా ఉంటుంది కాబట్టి కణాలు లోపలికి పెరుగుతాయి అని రెండోది. బాక్టీరియా ఒక మైక్రాన్ ఉంటే మన ఫైబ్రోబ్లాస్టు కణం పది, ఇరవై మైక్రాన్లు. బాక్టీరియా దూరని సందులో కణం దూరదు. దట్టంగా పేరిన పొర మీద కణాలు పైపైన పాకుతాయంతే. మూడు రోజుల్లో ఊడదీసే కట్టుకు మొదటి గుణం చాలు. కణాలు లోపలికి పెరిగితే తీసేటప్పుడు గాజుగుడ్డ కథే పునరావృతం అవుతుంది. కణాలు పెరగాలంటే పొర తీయకుండా శరీరంలో కరిగిపోయేదై ఉండాలి, సందులు పెద్దవి ఉండాలి. అమెరికాలో అనుమతి పొంది అమ్ముతున్న రెస్ట్రాటా అనే ఎలక్ట్రోస్పన్ పొర ఆ జాతిదే. ఆపరేషన్ కుట్లకు వాడే పాలిగ్లాక్టిన్, పాలీడయాక్సనోన్ పోగులతో చేస్తారు. అందులో మందేమీ లేదు.

ఇక మందు విడుదల. మొదటి కొన్ని గంటల్లోనే సగానికి పైగా బయటికి వచ్చేయడం ఈ పొరల పుట్టుగుణం. హైడ్రోక్లోరైడు లవణం లాంటి నీటిలో కరిగే మందును పీసీఎల్ లాంటి నీటికి లొంగని పాలిమరుతో కలిపితే, ద్రావకం ఆవిరయ్యేటప్పుడు మందు పోగు పైకి నెట్టబడి స్ఫటికాలుగా కూర్చుంటుంది. దాన్ని ఆపడానికి లవణం బదులు క్షారరూపం వాడొచ్చు, లోపల మందు, బయట ఒట్టి పాలిమరు వచ్చేలా జంట సూదితో తీయొచ్చు, మందు పొరకు రెండు పక్కలా మందులేని పొరలు వేయొచ్చు. మొదటి పొంగు కంటే నాకు తోక భయం, అంటే చివర్లో కొద్దికొద్దిగా వచ్చే మందు భయం ఎక్కువ. లెక్క చూడండి. 0.2 గ్రాముల పొరలో 5 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ అంటే 10 మి.గ్రా., చదరపు సెంటీమీటరుకు 100 మైక్రోగ్రాములు. మూడు రోజుల్లో 95 శాతం పోయిందనుకుందాం. మిగిలిన 5 మైక్రోగ్రాములు ఇంకో వారం పాటు వస్తే రోజుకు 0.7. అదే 0.5 మి.లీ. రసిలో కలిస్తే మి.లీ.కి 1.4 మైక్రోగ్రాములు. పుండ్లలో తరచూ కనిపించే సూడోమోనాస్ బాక్టీరియాకు సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో లాబొరేటరీలు వాడే సీఎల్ఎస్ఐ (అమెరికాలోని లాబొరేటరీ ప్రమాణాల సంస్థ) గీతలు 0.5 దగ్గర లొంగే రకం, 2 దగ్గర లొంగని రకం. మన తోక సరిగ్గా ఆ మధ్యలో నడుస్తోంది. లొంగేవి చచ్చి, సగం మొండివి బతికి, వాటి సంతానమే పుండు నిండా పెరిగే చోటు అది. రోగి నాలుగో రోజు రాలేక పదో రోజున వస్తే ఆ వారమంతా మనమే మొండి బాక్టీరియాను సాకినట్టు. ‘నిదానంగా, దీర్ఘకాలం విడుదల’ అనే మాటను గొప్పగా రాసేముందు ఈ గుణకారం ఒక్కసారి చేయమని నా మనవి.

షుగరు పాదపు పుండ్లకు సంబంధించిన అంతర్జాతీయ బృందం మార్గదర్శకాలు, పుండు మానడం కోసమని యాంటీబయాటిక్, యాంటీసెప్టిక్ డ్రెస్సింగులు వాడొద్దనే చెబుతున్నాయి. ఇన్‌ఫెక్షన్ ఉంటే మందు నోటి ద్వారానో, సెలైన్ ద్వారానో వెళ్లాలి. పైగా మన పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో చెప్పనక్కర్లేదు. విశాలమైన కాలిన గాయం మీద వేసిన జెంటామైసిన్ రక్తంలోకి చేరుతుంది, కిడ్నీలనూ చెవినీ దెబ్బతీస్తుంది. మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు బేసులోని పాలీఇథిలీన్ గ్లైకాల్ కూడా తెరిచిన పుండ్ల నుంచి ఒంట్లోకి వెళ్లి కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి గనక, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పెద్ద పుండ్ల మీద వాడొద్దని దాని లేబులు మీదే రాసి ఉంటుంది. కిడ్నీ పరిస్థితి తెలియని మనిషికి వేసే కట్టులో ఈ జాతి మందులు నింపడం నాకు సమ్మతం కాదు.

కర్క్యుమిన్ సంగతి వేరు. పసుపు మనకు నమ్మకమైన వస్తువు, అందుకే ఈ పరీక్షల్లో తప్పులు కూడా ఎక్కువ. పీహెచ్ 7.4 బఫరులో కర్క్యుమిన్ నిమిషాల్లోనే విరిగిపోతుంది. అరగంటలో చాలావరకు పోతుంది. గ్రాఫు ఒకచోట ఆగి చదునైతే విడుదల ఆగిందని రాస్తారు. నిజానికి విడుదలైనది అక్కడికక్కడే నశిస్తోంది. తెలిసిన మోతాదు కర్క్యుమిన్‌ను అదే బఫరులో పొర లేకుండా ఉంచి, అవే సమయాలకు కొలిచిన గీత పక్కన లేకపోతే ఆ గ్రాఫును నేను నమ్మను. ఏ మందైనా సరే, బీకరు నిండా బఫరు మాని, చదరపు సెంటీమీటరుకు రోజుకు అర మి.లీ. చొప్పున ద్రవం పొరగుండా నడిచేలా కొలవాలి. ద్రవం కూడా లీటరుకు 8.298 గ్రాముల ఉప్పు, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ ఉండే డ్రెస్సింగు పరీక్షల ద్రావణం అయితే రసికి దగ్గరగా ఉంటుంది. అందులో ఆల్బుమిన్ ప్రొటీను కలిపితే ఇంకా మేలు.

స్టెరిలైజేషన్ కూడా మొదటి రోజే ఆలోచించాల్సింది. పీసీఎల్ 60 డిగ్రీలకే కరుగుతుంది, 121 డిగ్రీల ఆటోక్లేవులో పెడితే పోగులన్నీ ఒక బిళ్ల అవుతాయి. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో స్టెరిలైజ్ చేసే గదిలో తేమ ఎక్కిస్తారు, గట్టిపడని పీవీఏ, జెలటిన్ అక్కడే ముడుచుకుంటాయి. 25 కిలోగ్రే గామా కిరణాలు, శరీరంలో కరిగిపోయే పాలిమరు పీఎల్‌జీఏ గొలుసులను తెంపుతాయి. అందుకే బలం, కరిగే వేగం పరీక్షలన్నీ స్టెరిలైజ్ చేసిన తర్వాతి ముక్కల మీదే చేయాలి. నిల్వ మాట చెప్పాలంటే, పీఎల్‌జీఏ పోగు మెత్తబడే ఉష్ణోగ్రత 45, 50 డిగ్రీల చుట్టూ, తేమ తగిలితే ఇంకా కింద. మే నెలలో రాయగడ రోడ్డు మీద ఎండలో నిలిచిన వ్యానులో పెట్టె లోపల అంత వేడి వస్తుంది. అల్యూమినియం పౌచి, లోపల సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. పీవీఏకి ఆ వేడి బాధ లేదు, తేమ బాధే.

ఏ కట్టూ చేయలేని పని ఒకటుంది. కుష్ఠు వల్లనో షుగరు వల్లనో స్పర్శ పోయిన అరికాలి పుండు మీద మనిషి రోజంతా నడుస్తుంటే ఏ పొరా మాన్పలేదు. బరువు తీసేయాలి, మెత్తటి రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు వేయించాలి, చచ్చిన కండ తీయించాలి, కాలికి రక్తం అందుతోందో లేదో చూడాలి. ఆ తర్వాతే కట్టు.

అయితే మందు ఎప్పుడూ వద్దా? ఒట్టి పొర పైన చెప్పిన పరీక్షలన్నీ దాటాక, తడి జెలటిన్ పలక మీద మూడు రోజులు ఉంచి లాగితే పలకను చీల్చకుండా ఊడి వచ్చాక, పై గుడ్డకూ పొరకూ మధ్య విడిగా ఒక మందు పొర వేయొచ్చు. అక్కడ వేస్తే వేడి చేయడం, కడగడం అయిపోయాకే మందు చేరుతుంది కాబట్టి పాడవదు. నా మొగ్గు, నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్కులనే ఆ పొరలో నింపడం మీద కాదు, పీహెచ్ఎంబీ లాంటి పైపూత యాంటీసెప్టిక్ మీద. వాడకం కూడా ఇన్‌ఫెక్షన్ కనిపిస్తున్న కాలిన గాయాలకు, మొదటి రెండు మూడు రోజులకే. మందు చేరిన క్షణం నుంచి అనుమతుల దారి కూడా బరువవుతుంది. ఒట్టి కట్టుకు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు చూసుకుంటే, మందున్నదానికి ఔషధం లెక్కలు, భద్రత లెక్కలు అదనం. చిన్న కాలేజీకి ఒట్టి కట్టే ముందు చేతికందుతుంది.

పొట్లం మీద ఏం రాయాలన్నది కూడా తయారీలో భాగమే. తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో, చదవలేని సవర, కువి మాట్లాడే ఇళ్ల కోసం బొమ్మలతో: కట్టిన తేదీ రాసే గడి, తీయాల్సిన తేదీ రాసే గడి, పైదూది తడిసి బయటికి వస్తే దూది మాత్రమే మార్చి లోపలి పొర కదపొద్దని, వాసన వచ్చినా, ఆకుపచ్చగా మారినా, జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకినా తేదీ కోసం ఆగకుండా వెంటనే విప్పించుకోవాలని. తీసేముందు సెలైన్ గానీ, కాచి చల్లార్చిన నీరు గానీ పోసి పది నిమిషాలు ఆగమని చివరి బొమ్మ.